పాత సీపీయూకు కొత్త కొలువు

విండోస్ చేతులెత్తేసినంత మాత్రాన యంత్రం చచ్చిపోదు. అటక ఎక్కించే ముందు ఆ డెస్క్‌టాప్‌కు ఒకే ఒక్క పని అప్పజెప్పి చూడండి.

వరి కోతల రోజుల్లో ఏ మండల కేంద్రం శివారులోనైనా వే బ్రిడ్జి దగ్గర ఓ పది నిమిషాలు ఆగండి. ధాన్యం బస్తాల ట్రాక్టర్ ఇనప ప్లాట్‌ఫాం మీదికి ఎక్కుతుంది. పక్క గదిలో కుర్రాడు బండి నంబరు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. సరుకు దించేసి ఖాళీ బండి మళ్లీ వచ్చాక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుకర్రుమంటూ అటూ ఇటూ పరుగెత్తి, కార్బన్ పెట్టిన కాగితాల మీద గ్రాస్, టేర్, నెట్ అని మూడు లెక్కలు కొడుతుంది. డ్రైవరు చీటీ చించుకుని జేబులో కుక్కుకుని వెళ్లిపోతాడు. అతను పట్టించుకోడు గానీ, ఆ గదిలో చూడాల్సింది కంప్యూటర్‌నే. కీల మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. క్యాబినెట్‌కు ఒక పక్క రేకు ఉండదు. ఉన్న రేకు మీద పోయిన దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు ఎండిపోయి ఉంటుంది. తెర మీద చాలాచోట్ల ఇంకా విండోస్ ఎక్స్‌పీ వారి పచ్చిక బయలే. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే వదిలేసిన ఎక్స్‌పీ అది.

అది అక్కడ ఉన్నది ఓనరు పిసినారితనం వల్ల మాత్రమే కాదు. తూకం చూపించే ఇండికేటర్ నుంచి వచ్చే తీగ తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులో దూరాలి. పాతకాలం ప్రింటర్‌కు వెడల్పాటి ప్యారలల్ పోర్టు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఈ రెండూ ఉండవు. కన్వర్టర్లు కొని తగిలించుకోవచ్చు, అవి ఒకరోజు పలుకుతాయి, ఒకరోజు పలకవు. ఇక లేజర్ ప్రింటర్ ఎంత ఖరీదైనదైనా కార్బన్ కింద కాపీ తీయలేదు. కాగితాన్ని సూదులతో పొడిచే ప్రింటరే ఆ పని చేయగలదు. లారీ అసోసియేషన్ ఆఫీసుల్లో, హోల్‌సేల్ కిరాణా గోదాముల్లో, రైసు మిల్లుల్లో పాత డెస్క్‌టాప్‌లు ఇలాగే ఇంకా జీతం లేని ఉద్యోగం చేస్తున్నాయి.

ఆ యంత్రాన్ని ఎవరూ సినిమా చూపించమనరు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరవరు. వీడియో మీటింగు పెట్టరు. చేయాల్సింది ఒకటే పని, అది పొద్దుటా అదే, సాయంత్రమూ అదే. పాత కంప్యూటర్‌తో ఏం చేసుకోవాలి అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అన్ని పనులకూ వాడదామనుకుంటే అది రోజూ విసిగిస్తుంది. ఒక్క పనికి కుదర్చండి, విసిగించదు.

అక్టోబర్ 14 తర్వాత

ఈ మాట ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా లాక్కురావచ్చు. పోనీ విండోస్ 11కు మారదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. అంటే 2017 మొదట్లో అప్పు చేసి కొన్న ఐ5 మెషిన్ కూడా గీతకు అవతలే. ఫ్యాను తిరుగుతోంది, ర్యామ్ బాగుంది, తెర బాగుంది. పనికిరాదని కంపెనీ చెప్పింది కాబట్టి పనికిరాదు, అంతే!

మన ఇళ్లలోకి డెస్క్‌టాప్ అంత తేలిగ్గా రాలేదు. పిల్లాడికి ఇంజినీరింగ్ సీటు వచ్చిందంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, షాపు షాపునా కొటేషన్ రాయించుకుని, మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట బేరమాడి అసెంబుల్ చేయించుకున్న తండ్రులున్నారు. ఇంటికి తెచ్చాక దానికో టేబులు, ఓ యూపీఎస్, మానిటర్‌కు గుడ్డ తొడుగు. కొన్ని ఇళ్లలో చెప్పులు గది బయటే. ఆ పిల్లాడు ఇప్పుడు గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇది మాత్రం అమ్మానాన్నల పడకగదిలో మడతపెట్టిన దుప్పట్ల కింద ఉంది.

పారేయొద్దనడానికి సెంటిమెంటును మించిన కారణం ఒకటుంది. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 17 అంగుళాల పాతతరం మానిటర్‌తో కలిపి ఒక డెస్క్‌టాప్ తయారు కావడానికి కనీసం 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చయ్యాయి. ఆ కాలపు కంప్యూటర్ జీవితకాలంలో తినే శక్తిలో అధికభాగం ఫ్యాక్టరీలోనే అయిపోతుందని అందులో తేల్చారు. కారు, ఫ్రిజ్‌ల సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అవి వాడుతున్నకొద్దీ తింటాయి. కంప్యూటర్ పుట్టేటప్పుడే తినేసింది. ఆ ఖర్చు తిరిగి రాదు కాబట్టి, పుట్టినదాన్ని వీలైనన్ని ఏళ్లు వాడుకోవడమే లాభం.

రబ్బరు ముక్క వైద్యం

ముందు అది ఆన్ కావాలి కదా. చాలాకాలం మూలన పడి ఉన్న కంప్యూటర్ స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగి, తెర మీద ఏమీ రాకుండా బీప్ బీప్‌మంటుంది. ఇంటిల్లిపాదీ "పోయింది" అని తీర్పు ఇచ్చేస్తారు. దాన్నే చంకన పెట్టుకుని రిపేరు షాపుకు పోతే సాగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఇదే.

"అన్నా, మదర్‌బోర్డు పోయిందంటవా?"

"ఆగు సార్, ముందుగాల విప్పనియ్."

అతను ప్లగ్గు పీకి, పక్క రేకు జరిపి, బ్లోయర్‌తో ఒక్కసారి కొడతాడు. బూడిదరంగు దుమ్ము మేఘంలా లేస్తుంది, అందులో ఒకటో రెండో ఎండిన బల్లి గుడ్ల పెంకులు. ర్యామ్ చీలికకు రెండు వైపులా ఉన్న తెల్లటి క్లిప్పులు నొక్కి బయటికి లాగుతాడు. దాని అడుగున వరసగా బంగారు రంగు గీతలుంటాయి. చొక్కా జేబులోంచి పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే రబ్బరు తీసి ఆ గీతల మీద నెమ్మదిగా, ఒకే వైపుకు రుద్దుతాడు. నల్లటి పొట్టు రాలుతుంది. ఊది, మళ్లీ టక్కుమనేదాకా నొక్కుతాడు. స్విచ్ వేస్తే ఒకే ఒక్క బీప్, తెర మీద అక్షరాలు. ఆ గీతల మీద పేరుకున్న మురికీ తుప్పూ కరెంటును అడ్డుకున్నాయి, ఇంకేం లేదు. ఈ వైద్యం ఏ కంపెనీ మాన్యువల్లోనూ ఉండదు గానీ అమీర్‌పేట నుంచి అనంతపురం దాకా అందరికీ తెలుసు.

ఇంకో రోగం, తేదీ. ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటర్ ఏ 2009 జనవరి ఒకటికో వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే బ్యాంకు సైట్లే కాదు, మామూలు సైట్లు కూడా భద్రత లేదంటూ తెరుచుకోవు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. మార్చి, తేదీ సరిచేస్తే సరి.

మూడోది కాస్త ఖర్చు పెట్టాల్సింది. గిరగిరా తిరిగే హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ బిగించడం. పాత కంప్యూటర్ నత్తనడకకు ప్రాసెసర్‌ను తిడతాం గానీ, సగం నేరం డిస్కుది. డెస్క్‌టాప్‌లలో సాటా తీగ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి కోర్ 2 డ్యుయో కాలం నాటి బోర్డుకు కూడా ఇప్పటి చిన్న సాటా ఎస్ఎస్‌డీ పడుతుంది. టీ పెట్టుకొచ్చేదాకా తెరుచుకోని కంప్యూటర్ స్టవ్ వెలిగించేలోపే తెరుచుకుంటుంది. ర్యామ్ కూడా 4 జీబీ చేస్తే ఇంకేమీ చేయనక్కర్లేదు. అంతకుమించి దాని మీద డబ్బు పోయకండి. గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకోమనే షాపువాడి మాట వినకండి.

విండోస్ లేకపోతే?

లినక్స్. ఈ మాట వినగానే నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు ఊహించుకునే రోజులు పోయాయి. 2024లో వచ్చిన లినక్స్ మింట్ 22 చూడ్డానికి విండోస్ 7కు అక్కలా ఉంటుంది. కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 ఉంటే హాయి. 2029 దాకా భద్రతా అప్‌డేట్లు ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు ఎఫ్12 లాంటి కీ నొక్కి, డిస్కును ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. వైఫై, సౌండు, ప్రింటర్ పలుకుతున్నాయా లేదా తేల్చుకుని, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. తెలుగు మెనూలతో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన హైదరాబాద్ 'స్వేచ్ఛ' సంస్థవాళ్లు లినక్స్ అలవాటు చేసే పని ఎప్పుడో మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి నేర్చుకుంటున్నది లినక్స్ మీదే. అక్కడ అదేదో విప్లవం అని ఎవరూ అనుకోవడం లేదు, పాఠం అనుకుంటున్నారు.

పెంటియం 4 లాంటి 32 బిట్ యంత్రాలున్నవాళ్లకు మాత్రం దారి ఇరుకవుతోంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, ఆ తరం యంత్రాలకు నేరుగా ఎక్కించుకునే వీలు తీసేసింది. క్రోమ్ బ్రౌజర్ అయితే 2021లోనే బాగా పాత ప్రాసెసర్లను వదిలేసింది. ఇందులో వింతేమీ లేదు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాసింది 386 ప్రాసెసర్ మీద. 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి ఆ 386నే లినక్స్ పక్కన పెట్టేసింది. పుట్టిన ఇంటికే దిక్కు లేనప్పుడు పెంటియం 4 అలగడానికేం లేదు. పప్పీ లినక్స్ లాంటివి ఇంకా దాన్ని నడిపిస్తాయి. నెట్ తీగ పెట్టకుండా ఒక చిన్న పనికి వాడుకోవచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

హాల్లో పెట్టండి

ఇంట్లో ఈ కంప్యూటర్‌కు నేను చెప్పే మొదటి ఉద్యోగం, పిల్లల రాతబల్ల. ఫోను పిల్లాడి చేతిలో పెడితే అది దుప్పట్లోకి పోతుంది. ల్యాప్‌టాప్ గదిలోకి పోతుంది. డెస్క్‌టాప్ ఎక్కడికీ పోలేదు, అదే దాని గొప్ప. హాల్లో, టీవీ పక్కన, వంటింట్లోంచి తెర కనిపించేలా పెట్టండి. నెట్ ఇవ్వకండి. జీకంప్రిస్, టక్స్ పెయింట్, స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రాములు ఎక్కించండి. మూడూ ఉచితం, మూడూ నెట్ లేకుండా నడుస్తాయి. స్క్రాచ్‌లో ముక్కలు అతికించి పిల్లిని నడిపించడం నేర్చిన పదేళ్ల పిల్లకు ప్రోగ్రామింగ్ అంటే భయం ఉండదు. పది వేళ్లతో టైపింగ్ నేర్పించండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అదే చేత్తో నేర్పేస్తే, బొటనవేలితో ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టే బాధ వాళ్లకు తప్పుతుంది. తండ్రులకు డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా గుర్తొచ్చి ఓ రాత్రి కుర్చీ లాక్కుంటే దానికి నేను బాధ్యుణ్ని కాను.

పెద్దవాళ్లకూ ఇది రాతబల్లే. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలలు రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఇప్పటి కంప్యూటర్ మీద రాయనని, డాస్ మెషిన్ మీద వర్డ్‌స్టార్ 4.0లోనే రాస్తానని 2014లో ఓ టీవీ కార్యక్రమంలో చెప్పాడు. ఆ యంత్రానికి ఇంటర్నెట్ లేదు. మన దగ్గర కథ రాయడానికి కూర్చుని వాట్సాప్ స్టేటస్‌లు చూసి లేచేవాళ్లు ఎంతమంది లేరు? లిబ్రెఆఫీస్ ఒక్కటి, ఒక తెలుగు ఫాంటు, ఊడదీసిన నెట్ తీగ. ఇంతకన్నా మంచి రచనా శిబిరం నాకు తెలియదు. (కథ ఆలస్యం చేసినవాళ్లు సంపాదకుడికి ఇక వేరే సాకు వెతుక్కోవాలి.)

నెట్ లేని కంప్యూటర్‌లో ఏం చదువుతారంటే, దానికీ ఏర్పాటుంది. కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదివిస్తుంది. ఇంగ్లిషు వికీపీడియా బొమ్మలతో సహా అయితే వంద జీబీకి పైన ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియా ఓ మామూలు పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. ఊరి గ్రంథాలయంలోనో హాస్టల్లోనో ఒక పాత డెస్క్‌టాప్‌లో దీన్ని పెట్టి, ఒక మామూలు రౌటర్ తగిలిస్తే, నెట్ కనెక్షన్ లేకున్నా ఆ గదిలో ఉన్న ఫోన్లన్నీ అందులోంచి చదువుకోవచ్చు. పది మంది చదువుతున్నా కోర్ 2 డ్యుయోకు అది పెద్ద బరువేం కాదు.

పెళ్లి సీడీలు ఉన్నాయా?

పాత కంప్యూటర్‌లో ఉండి కొత్తదానిలో లేనిది ఇంకోటుంది. సీడీ డ్రైవ్. 2000 తర్వాత పెళ్లయిన ప్రతి ఇంట్లోనూ బీరువాలో, పట్టుచీరల పక్కన, లామినేటెడ్ కవర్లో రెండో మూడో వీసీడీలు, డీవీడీలు ఉంటాయి. చూద్దామంటే ప్లేయర్ లేదు. రాసుకునే సీడీలు శాశ్వతం కావు. లోపలి రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, కోస్తా ఉక్కలో బూజు కూడా పడుతుంది. ఈ ఆదివారమే పాత డెస్క్‌టాప్‌కు ఆ ఉద్యోగం ఇచ్చేయండి.

వీసీడీ పెడితే లోపల కొన్ని ఫోల్డర్లు కనిపిస్తాయి. ఎంపెగ్ఏవీ అనే పేరున్నది తెరిస్తే అందులో డాట్ అన్న తోకతో ఒక పెద్ద ఫైలు ఉంటుంది. అదే మీ పెళ్లి. దాన్ని డిస్కులోకి కాపీ చేసుకుని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే తలంబ్రాలు మొదలవుతాయి. గీతలు పడి మధ్యలో ఆగిపోయే సీడీల కోసం లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే పనిముట్టు ఉంది. బాగున్న భాగాలన్నీ ముందు లాగేసి, పాడైన చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి గీరుతుంది. ఒక్కో సీడీకి రాత్రంతా పట్టినా పట్టొచ్చు. మీ కొత్త ల్యాప్‌టాప్‌ను ఆ పనికి కట్టేయలేరు, దీన్ని కట్టేయొచ్చు. ఒక్కదాంట్లోనే నూటయాభై ఘంటసాల పాటలు కుక్కి అమ్మిన ఎంపీ3 సీడీలు, తాతయ్య ఉత్తరాల స్కానింగులు, అన్నీ ఇదే దారి. ఫ్లాపీ డ్రైవ్ పలికే యంత్రం ఇంకా ఇంట్లో ఉంటే చుట్టాలందరికీ చెప్పండి, గిరాకీ తగలొచ్చు.

పేజీమేకర్ అనే తాళంచెవి

పాత కంప్యూటర్‌ను అందరికన్నా గౌరవంగా చూసుకునేది మన డీటీపీ సెంటర్లు. శుభలేఖ, పంచాంగం, ఎన్నికల కరపత్రం, కవితా సంపుటి, ఏదైనా సరే పట్టణాల్లో ఇప్పటికీ చాలాచోట్ల పేజీమేకర్‌లోనే తయారవుతుంది. ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చిన ఈ ప్రోగ్రామ్ 1994లో అడోబీ చేతికి పోయింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్. ఆ తర్వాత కంపెనీ దాన్ని వదిలేసింది గానీ తెలుగు ప్రింటర్లు వదల్లేదు. 'అను' తెలుగు ఫాంట్లు దాంట్లో ఒదిగినంత అందంగా మరోచోట ఒదగవని ఆపరేటర్ల నమ్మకం. వేళ్లకు పట్టిన కీబోర్డు వరస మారదు, ఒత్తు ఎక్కడ కూర్చోవాలో కంటికి తెలుసు. అందుకే షాపులో రెండు కంప్యూటర్లుంటాయి. కొత్తది వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకు, పాతది పేజీమేకర్‌కు. పాతదానికి నెట్ ఉండదు, పిల్లల్ని దాని మీద కూర్చోనివ్వరు.

వ్యాపారం సరే, దీనికి సాహిత్య ప్రయోజనం కూడా ఉంది. యూనికోడ్ తెలుగు మన ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చింది విండోస్ ఎక్స్‌పీతో, అంటే 2001లో. అచ్చురంగం మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం పాత పద్ధతిలోనే నడిచింది. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిషు గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చిగీతల్లాంటి రోమన్ అక్షరాలు తప్ప ఏమీ కనిపించవు. తొంభైల నుంచి అచ్చయిన ఎన్నో నవలలు, వ్యాసాలు, స్థల చరిత్రలు ఇలా పీ65, పీఎండీ అనే పేజీమేకర్ ఫైళ్లలో బిగుసుకుపోయి ఉన్నాయి. రచయిత పోయాక ఇంటివాళ్ల దగ్గర మిగిలేది ఒక సీడీ. దాన్ని తెరవాలంటే పేజీమేకరూ, ఆ ఫాంట్లూ, వాటిని నడిపే పాత విండోసూ మూడూ ఒకే పెట్టెలో ఉండాలి. అలాంటి పెట్టె మీ దగ్గర ఉంటే దాన్ని ఫార్మాట్ చేసి లినక్స్ ఎక్కించకండి. ఇందాక నేను చెప్పినదంతా దానికి వర్తించదు. నెట్ తీగ పీకేసి అలాగే ఉంచండి. ముందు ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్ చేయండి. తర్వాత పాఠాన్ని కన్వర్టర్‌లో పెట్టి యూనికోడ్‌లోకి మార్చండి. ఒత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రూఫ్ చూసే కన్ను ఒకటి కావాలి. కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్ మెషిన్ పెట్టి ఎక్స్‌పీ నడుపుకోవచ్చుగా అని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లంటారు. నడుపుకోవచ్చు. ముప్పై ఏళ్లుగా అదే కీబోర్డు మీద ఉన్న ఆపరేటర్‌ను ఒప్పించే పని కూడా వాళ్లే పెట్టుకోవాలి.

ఇవి మాత్రం వద్దు

విండోస్ ఎక్స్‌పీ, 7 ఉన్న యంత్రాన్ని నెట్‌కు తగిలించి బ్యాంకు పనులు చేయకండి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగింది. అప్‌డేట్లు లేని విండోస్ యంత్రాల ఫైళ్లకు తాళాలేసి డబ్బు అడిగింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

రెండోది, ఇరవై నాలుగు గంటలూ నడిచే పని. పాత డెస్క్‌టాప్‌ను ఇంటి సర్వర్ చేయమని, ఫొటోలన్నీ అందులో పెట్టి రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచమని చాలామంది ఉత్సాహపరుస్తారు. కరెంటు బిల్లు కట్టేది వాళ్లు కాదు. ఖాళీగా కూర్చున్నా 60 వాట్లు తినే పెట్టె అనుకుందాం. రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు. వేసవిలో ఏసీ ఉన్న ఇంట్లో ఆ 43 యూనిట్లు పై స్లాబులోకి నెట్టేయొచ్చు. అదే పనిని అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు 5 వాట్లతో చేస్తుంది. అది రోజంతా తినే కరెంటూ, మన పాత పెట్టె రెండు గంటలు నడిస్తే తినేదీ సమానం. కాబట్టి పాత యంత్రానికి పగటి డ్యూటీ ఇవ్వండి, నైట్ వాచ్‌మన్ ఉద్యోగం వద్దు. ఫొటోల బ్యాకప్‌కు వాడుకుంటే వారానికోసారి ఆన్ చేసి, కాపీ చేసి, ఆపేయండి.

ఇదే లెక్కన, ఖాళీ కంప్యూటర్లను సైన్సుకు దానం చేసే పథకాలు కూడా దీనికి నప్పవు. గ్రహాంతరవాసుల సంకేతాలు వెతికిన సెటీ ఎట్ హోమ్ 1999లో మొదలై 2020 మార్చిలో ఆగింది. ప్రోటీన్ల మీద లెక్కలు కట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్ నడుస్తోంది. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు నిమిషాల్లో చేసే లెక్కను కోర్ 2 డ్యుయో రోజుల తరబడి చేస్తుంది. దానం చేసేది లెక్క కాదు, కరెంటు.

ఇక బడికి ఇచ్చేద్దాం అనే మాట. మంచి మాటే, కానీ ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఇస్తున్నది కంప్యూటరా, మీ ఇంట్లో అడ్డమా? పని చేయని మౌసు, పాస్‌వర్డ్ మర్చిపోయిన విండోస్, తిరగని ఫ్యాను ఉన్న పెట్టెను పల్లెటూరి బడికి మోసుకెళ్లి ఫొటో దిగడం దానం కాదు. అక్కడ దాన్ని బాగుచేసేవాడు లేడు, స్టాకు రిజిస్టరులో ఎక్కాక పారేయడానికి హెడ్మాస్టరుకు అధికారమూ ఉండదు. ఇస్తే లినక్స్ ఎక్కించి, ఎస్ఎస్‌డీ వేసి, కీబోర్డుతో సహా, రిపేరుకు పిలిస్తే పలికే ఒక ఫోను నంబరుతో ఇవ్వండి. పదీ పన్నెండు పెట్టెలుంటే ఒక మంచి కంప్యూటర్‌ను మధ్యలో పెట్టి, మిగతావన్నీ దాని మీద ఆధారపడి నడిచేలా చేసే ఎల్‌టీఎస్‌పీ అనే ఏర్పాటు ఉంది. డిస్కులు లేని పాత యంత్రాలు కూడా అందులో పనికొస్తాయి, బాగుచేయాల్సిందీ ఒక్కదాన్నే. చూపు లేని పిల్లలున్న చోట ఓర్కా అనే ఉచిత స్క్రీన్ రీడర్ కూడా ఎక్కించండి. దానికి తోడుండే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. మరమనిషి యాసే, కానీ చదువుతుంది.

విప్పితే ఏమొస్తుంది?

మదర్‌బోర్డు నిజంగానే పోయిందనుకోండి. అప్పుడు కూడా పెట్టె మొత్తాన్ని ఒకేసారి సాగనంపక్కర్లేదు. ఎల్‌సీడీ మానిటర్ బతికే ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కు రెండో తెరగా పెట్టుకోవచ్చు, వీజీఏ ఒక్కటే ఉంటే చిన్న అడాప్టర్ కావాలి. కరెంటు సరఫరా చేసే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్‌లోంచి వచ్చే పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నలుపు ఎర్త్. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా చవకైన పవర్ సప్లై దొరకదు. ఆకుపచ్చ తీగను నల్లదానితో కలిపితే మదర్‌బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది. ఆ డబ్బా మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో దాదాపు 300 వోల్టులు దాక్కుని ఉండొచ్చు. హార్డ్‌డిస్క్ విప్పితే వేలు నలిగేంత బలమైన రెండు నియోడిమియం అయస్కాంతాలు, అద్దంలా మెరిసే పళ్లాలు దొరుకుతాయి. క్యాబినెట్ ఫ్యాను 12 వోల్టులది, సోల్డరింగ్ పొగ లాగడానికి బాగుంటుంది.

పాత బుర్ర టీవీ లాంటి సీఆర్‌టీ మానిటర్‌ను మాత్రం ముట్టుకోవద్దు. దాని గాజులో కిలోకు పైగా సీసం ఉండొచ్చు, పగిలితే లోపలి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. దాన్ని నేరుగా రీసైక్లర్‌కే ఇవ్వాలి.

చివరి మజిలీ

2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పోగేసిందని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. మిగతాదానిలో మన వాటా ఎక్కడికి పోతుందో ఢిల్లీ సీలంపూర్ సందుల్లో, మొరాదాబాద్‌లో చూడొచ్చు. రాగి కోసం తీగలు కాలుస్తారు, బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో ముంచుతారు. చేతులకు తొడుగులుండవు. మన వీధిలోకి వచ్చే పాత సామాన్ల బండివాడికి సీపీయూ అమ్మితే అది ఒక్కో చెయ్యీ మారుతూ అటువైపే పోయే అవకాశం ఎక్కువ. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల ప్రకారం పాత సరుకును రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే. నమోదైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంది. కాలనీ సంఘం తరఫున నలుగురూ కలిసి పిలిస్తే బండి పంపడానికి వాళ్లూ ఉత్సాహం చూపిస్తారు.

ఇచ్చే ముందు హార్డ్‌డిస్క్ తీసుకోండి. ఫార్మాట్ కొట్టాను కదా అని ధీమా వద్దు. మామూలు ఫార్మాట్‌తో పేర్ల పట్టిక చెరుగుతుందే తప్ప ఆధార్ కాపీలు, ఇన్‌కమ్‌టాక్స్ కాగితాలు, పిల్లల ఫొటోలు చాలావరకు అలాగే ఉంటాయి. తెలిసినవాడికి అవి వెనక్కి తీయడం కష్టం కాదు. కావలసినవి కాపీ చేసుకుని, డీబ్యాన్ లాంటి ప్రోగ్రామ్‌తో డిస్కంతా ఒకసారి తిరగరాయించండి. డిస్కు పలకని స్థితిలో ఉంటే డ్రిల్లింగ్ మెషిన్‌తో పళ్లాల గుండా రెండు మూడు బెజ్జాలు వేస్తే చాలు. బ్యాటరీ బిళ్ల విడిగా తీసి ఇవ్వండి. యూపీఎస్ ఉంటే దాని సీసపు బ్యాటరీని కొత్త బ్యాటరీ కొనే షాపువాడే ధర కట్టి తీసుకుంటాడు.

మూడు పిన్నుల నల్లటి పవర్ కేబుల్ మాత్రం ఇవ్వకండి. ఇప్పటి మానిటర్లకూ, చాలా ప్రింటర్లకూ అదే పడుతుంది.